మీ సైట్‌లో కాష్ పాయిజనింగ్ ఉందా? పరీక్షించడం, సరిచెయ్యడం ఎలా

"స్కానర్ రిపోర్ట్‌లో వెబ్ కాష్ పాయిజనింగ్ అని వచ్చింది, నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?" "సీడీఎన్ వాళ్లే చూసుకుంటారు కదా, మనం చెయ్యాల్సిందేమైనా ఉందా?" ఈ రెండూ పదే పదే వస్తున్న ప్రశ్నలు (సీడీఎన్ అంటే మీ పేజీల కాపీలని యూజర్లకి దగ్గరలోని సర్వర్ల నుంచి అందించే సేవ). రెండోదానికి జవాబు ముందే చెప్పుకుందాం: ఉంది, పనిలో ఎక్కువ భాగం మీ వైపే ఉంది. మొదటిదానికి జవాబు కింది పద్ధతి.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం కొంచెమే. కాష్ అంటే ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, మళ్లీ అడిగినవాళ్లకి ఇచ్చే పొర. అది వచ్చిన రిక్వెస్ట్ మొత్తాన్నీ పోల్చి చూడదు. మామూలుగా స్కీమ్, హోస్ట్, పాత్, క్వెరీ స్ట్రింగ్‌తో ఒక కీ కట్టుకుంటుంది. కీ కలిస్తే దాచిపెట్టిన రెస్పాన్స్ ఇచ్చేస్తుంది. వెనకున్న ఫ్రేమ్‌వర్క్ (జాంగో, రైల్స్ లాంటిది) మాత్రం కీలో లేని హెడర్లని, అంటే రిక్వెస్ట్‌తో పాటు వచ్చే అదనపు సమాచార లైన్లని కూడా చదివి పేజీ తయారుచేస్తుంది. ఒకడు పంపిన హెడర్‌తో తయారైన పేజీ, అదే కీతో వచ్చే వాళ్లందరికీ వెళ్లిపోతుంది. ఇదే కాష్ పాయిజనింగ్. కీలో లేకుండా రెస్పాన్స్‌ని మార్చగలిగే ఇన్‌పుట్ ఏదైనా ఉందా అన్నదే మీరు వెతకాల్సింది. 2018లో బ్లాక్‌హ్యాట్ భద్రతా సదస్సులో పరిశోధకుడు జేమ్స్ కెటిల్ ఈ దాడి అసలు సైట్లపై ఎలా పనిచేస్తుందో చూపించాక ఫ్రేమ్‌వర్క్‌లు చాలావరకు సర్దుకున్నాయి. డిఫాల్ట్‌లని మనమే మార్చేసే చోట్ల మాత్రం సమస్య ఇప్పటికీ అలాగే ఉంది.

హెడర్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్, హైఫన్లు అలాగే వాడండి.

ఏమేం కావాలి

- మీ సొంత సైట్, లేదా పరీక్షించడానికి యజమాని రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి. అనుమతి లేకుండా వేరేవాళ్ల సైట్ మీద ఇది చేస్తే మన ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందకి వస్తుంది.
- ప్రొడక్షన్ (అసలు సైట్) లాంటి స్టేజింగ్ (పరీక్షల కోసం పెట్టుకునే నకలు). దాని ముందు కూడా అదే సీడీఎన్, అదే ఎన్‌జిన్‌ఎక్స్ (యాప్ ముందు నిలబడే సర్వర్) కాన్ఫిగరేషన్ ఉండాలి. లాప్‌టాప్‌లో ఫ్రేమ్‌వర్క్ ఒక్కటే నడిపి పరీక్షిస్తే ఏమీ తేలదు.
- కర్ల్ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్‌లు పంపే సాధనం). హెడర్ల జాబితా పెద్దదైతే బర్ప్ సూట్ అనే భద్రతా పరీక్షల సాధనంలో పారమ్ మైనర్ ఎక్స్‌టెన్షన్.
- ఎన్‌జిన్‌ఎక్స్ లేదా వార్నిష్ కాన్ఫిగరేషన్ చూసే, మార్చే అధికారం. కాష్ పర్జ్ చేసే (ఖాళీ చేసే) అధికారం కూడా. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

1. కాష్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించండి

ఒకటే ఉందనుకోవద్దు. సీడీఎన్ ఒకటి, ఎన్‌జిన్‌ఎక్స్ ఇంకొకటి, ఫ్రేమ్‌వర్క్ లోపలే మరొకటి ఉండొచ్చు. నెక్స్ట్ జేఎస్‌లో ఐఎస్ఆర్ (తయారైన పేజీని దాచి, అప్పుడప్పుడు కొత్తది చేసే పద్ధతి), జాంగోలో మొత్తం సైట్‌ని కాష్ చేసే మిడిల్‌వేర్ ఇలాంటివే.

ఒక పేజీని రెండుసార్లు అడిగి రెస్పాన్స్ హెడర్లు చూడండి. క్లౌడ్‌ఫ్లేర్ అయితే సీఎఫ్-కాష్-స్టేటస్, క్లౌడ్‌ఫ్రంట్ అయితే ఎక్స్-కాష్ హెడర్‌లో హిట్ (కాష్ నుంచి వచ్చింది), మిస్ (కాష్‌లో లేదు) కనిపిస్తాయి. ఏజ్ హెడర్ వచ్చి, దాని అంకె పెరుగుతూ ఉంటే దారిలో ఏదో కాష్ ఉన్నట్టే. ఎన్‌జిన్‌ఎక్స్ తనంతట తాను ఏమీ చెప్పదు. యాడ్_హెడర్‌తో ఎక్స్-కాష్-స్టేటస్ అని పెట్టి, దానికి $అప్‌స్ట్రీమ్_కాష్_స్టేటస్ విలువ ఇవ్వండి. పరీక్షలు అయ్యాక తీసెయ్యొచ్చు.

కర్ల్‌కి క్యాపిటల్ ఐ ఆప్షన్ ఇచ్చి హెడర్లు చూడటం చాలామందికి అలవాటు. అది హెడ్ రిక్వెస్ట్ పంపుతుంది. కొన్ని కాష్‌లు హెడ్‌ని, గెట్‌ని వేరుగా చూస్తాయి కాబట్టి ఫలితం తప్పుదారి పట్టించొచ్చు. గెట్‌నే పంపండి: క్యాపిటల్ డి ఆప్షన్‌తో హెడర్లని స్క్రీన్ మీదకి, స్మాల్ ఓ ఆప్షన్‌తో బాడీని ఒక ఫైల్‌లోకి మళ్లించండి. ఆ ఫైల్ తర్వాత కావాలి, పారెయ్యొద్దు.

2. కాష్ బస్టర్ పెట్టండి, అది పనిచేస్తోందని రుజువు చేసుకోండి

ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లొద్దు. బస్టర్ లేకుండా పరీక్షిస్తే మీ హోమ్‌పేజీని మీరే పాడుచేసి, అసలు కస్టమర్లకి అందించినవాళ్లవుతారు.

బస్టర్ అంటే యూఆర్ఎల్ చివర మీకు మాత్రమే తెలిసిన ఒక పారామీటర్. ఉదాహరణకి ?సీబీ=7351. అది కీలోకి వెళ్తోందో లేదో ఇలా చూడండి:

- ?సీబీ=7351 అని ఒకసారి అడగండి. మిస్ రావాలి.
- అదే మళ్లీ అడగండి. హిట్ రావాలి.
- ఇప్పుడు ?సీబీ=7352 అని అడగండి. మిస్ వస్తే బస్టర్ పనిచేస్తున్నట్టు.

మూడోసారి కూడా హిట్ వచ్చిందంటే మీ కాష్ క్వెరీ స్ట్రింగ్‌ని పట్టించుకోవడం లేదు. "యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాతదంతా వదిలెయ్" అని సీడీఎన్‌లో ఎవరో రూల్ పెట్టి ఉంటారు. అప్పుడు ప్రొడక్షన్ మీద పరీక్ష వెంటనే ఆపేసి స్టేజింగ్‌కి మారండి. ఆ రూల్‌ని విడిగా రాసుకోండి, 5, 7 మెట్లలో మళ్లీ పని ఉంటుంది.

రెండోసారి కూడా మిస్ వస్తే ఆ పేజీ అసలు కాష్ కావడం లేదు. వేరే పేజీ చూసుకోండి. జావాస్క్రిప్ట్ ఫైళ్లు, రీడైరెక్ట్‌లు, 404 పేజీలు మర్చిపోవద్దు. అందరూ హోమ్‌పేజీ ఒక్కటే పరీక్షించి వదిలేస్తారు, రీడైరెక్ట్‌లలోనే ఎక్కువ దొరుకుతాయి.

ప్రతి పరీక్షకీ కొత్త నంబర్ వాడండి. పాత నంబర్‌తో అడిగితే పాత రెస్పాన్స్ వచ్చి, హెడర్ పనిచెయ్యలేదని మీరు పొరబడతారు.

3. హెడర్లని ఒక్కొక్కటిగా పంపండి

విలువగా అసలు డొమైన్ ఎప్పుడూ ఇవ్వొద్దు. కానరీ.ఇన్వాలిడ్ అని ఇవ్వండి. కానరీ అంటే ఎక్కడ తేలుతుందో వెతకడానికి వేసే గుర్తు మాట. ఇన్వాలిడ్ అన్న టాప్ లెవెల్ డొమైన్‌ని ఇలాంటి పనుల కోసమే రిజర్వ్ చేశారు, దాన్ని ఎవరూ కొనలేరు. పొరపాటున అది కాష్‌లోకి వెళ్లినా స్క్రిప్ట్ లోడ్ కాకుండా ఆగిపోతుంది, అంతే. ఇంకొకరి సర్వర్ నుంచి కోడ్ వచ్చే ప్రమాదం ఉండదు.

ఈ వరుసలో పంపండి:

- ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్, ఎక్స్-హోస్ట్, ఫార్వర్డెడ్. తర్వాత బాడీలోనూ లొకేషన్ హెడర్‌లోనూ కానరీ కోసం వెతకండి. కనానికల్ లింకులు, ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు, స్క్రిప్ట్‌ల అడ్రస్‌లు సాధారణంగా దొరికే చోట్లు.
- ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో, ఎక్స్-ఫార్వర్డెడ్-స్కీమ్. విలువ హెచ్‌టీటీపీ అని ఇవ్వండి. పేజీ తన అడ్రస్‌కే 301 రీడైరెక్ట్ ఇస్తే జాగ్రత్త. ఆ 301 కాష్ అయితే బ్రౌజర్ అదే పేజీ చుట్టూ తిరిగి చివరికి ఎర్రర్ చూపిస్తుంది. రైల్స్‌లో ఫోర్స్ ఎస్ఎస్ఎల్ పెట్టుకున్నవాళ్లు ఎక్స్-ఫార్వర్డెడ్-స్కీమ్‌ని తప్పకుండా చూడాలి, ఎందుకంటే రైల్స్ కింద ఉన్న ర్యాక్ అనే లైబ్రరీ దాన్ని చదువుతుంది.
- ఎక్స్-ఒరిజినల్-యూఆర్ఎల్, ఎక్స్-రీరైట్-యూఆర్ఎల్. విలువగా వేరే పేజీ పాత్ ఇవ్వండి. అడిగిన పేజీకి బదులు ఆ పేజీ వస్తే సమస్య ఉంది. పాత సింఫనీలో (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) ఇదే లోపం, సీవీఈ-2018-14773 (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకి ఇచ్చే నంబర్). ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) కోసం ఎప్పుడో పెట్టిన కోడ్ అన్ని సర్వర్లలోనూ పనిచేసేది. 3.4.14, 4.1.3 వెర్షన్లలో తీసేశారు. సింఫనీ మీద కట్టిన డ్రూపల్ కూడా 8.5.6లో సరిచేసుకుంది.
- ఎక్స్-హెచ్‌టీటీపీ-మెథడ్-ఓవర్‌రైడ్, విలువ పోస్ట్. 404 గానీ 405 గానీ వచ్చి అది కాష్ అవుతుందేమో చూడండి.

హైఫన్ బదులు అండర్‌స్కోర్ పెట్టి కూడా ఒకసారి పంపండి. పైథాన్ డబ్ల్యూఎస్‌జీఐ సర్వర్లలో రెండూ ఒకే పేరుగా మారిపోవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ అండర్‌స్కోర్ హెడర్లని డిఫాల్ట్‌గా పారేస్తుంది. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లేనివాళ్లకి ఆ రక్షణ లేదు.

4. రెండో రిక్వెస్ట్‌తోనే నిర్ధారించండి

బాడీలో కానరీ కనిపించగానే లోపం దొరికిందని టికెట్ రాసెయ్యొద్దు. అది మీరు పంపిన విలువ పేజీలో ప్రతిబింబించడం మాత్రమే, కాష్‌లో చేరినట్టు కాదు. స్కానర్ల తప్పుడు రిపోర్టుల్లో చాలా భాగం ఇక్కడ పుట్టినవే.

అదే యూఆర్ఎల్, అదే సీబీ నంబర్, కానీ ఈసారి ఆ హెడర్ లేకుండా అడగండి. రెస్పాన్స్ హిట్ అయ్యి, అందులో కానరీ ఇంకా ఉంటే అప్పుడది పాయిజనింగ్. మిస్ వచ్చి కానరీ లేకపోతే ఆ హెడర్ కీలో ఉండొచ్చు, లేదా ఆ రెస్పాన్స్ కాష్ కాలేదు. రెండోదైతే రేపు ఎవరైనా కాష్ రూల్ మార్చగానే లోపం తెరుచుకుంటుంది, కాబట్టి ఎలాగూ సరిచెయ్యండి.

ఇక్కడ క్లౌడ్‌ఫ్లేర్ గురించి ఒక మాట. ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్, ఎక్స్-హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-స్కీమ్, ఎక్స్-ఒరిజినల్-యూఆర్ఎల్, ఎక్స్-రీరైట్-యూఆర్ఎల్, ఫార్వర్డెడ్ హెడర్లని అది డిఫాల్ట్ కీలోనే కలుపుతుంది. అందుకే దాని వెనక ఉన్న సైట్ చాలాసార్లు సురక్షితంగా కనిపిస్తుంది. కస్టమ్ కీ రాసుకున్నా, ఒరిజిన్ (మీ అసలు సర్వర్) దగ్గర రెండో కాష్ ఉన్నా ఈ భరోసా మీద ఆధారపడొద్దు.

రెండో రిక్వెస్ట్‌ని అదే నెట్‌వర్క్ నుంచి పంపండి. సీడీఎన్‌లో ప్రతి ఎడ్జ్‌కీ (వేర్వేరు ఊళ్లలో ఉన్న దాని సర్వర్లకి) సొంత కాష్ ఉంటుంది. హైదరాబాద్ ఎడ్జ్‌లో చేరిన చెడ్డ కాపీ డల్లాస్‌లో ఉన్న మీ టీమ్‌మేట్‌కి కనిపించకపోవచ్చు. "నాకు బాగానే వస్తోంది" అన్న జవాబుతో టికెట్ మూసెయ్యకండి.

5. పారామీటర్లు, గెట్ బాడీ

ప్రచార లింకుల కోసం యూటీఎం_సోర్స్, యూటీఎం_కంటెంట్ లాంటివాటిని కీ నుంచి తీసేసే రూల్ చాలా సైట్లలో ఉంటుంది. పరీక్షలు మూడు.

ముందుగా యూటీఎం_కంటెంట్ విలువగా కానరీ ఇచ్చి, అది పేజీలో ఎక్కడైనా వస్తోందా చూడండి. పేజీ పూర్తి యూఆర్ఎల్‌ని కనానికల్ లింకులోకి కాపీ చేస్తే వస్తుంది.

తర్వాత సెమీకోలన్: ?సీబీ=8102&యూటీఎం_కంటెంట్=1;భాష=కానరీ. కాష్ దృష్టిలో సెమీకోలన్ తర్వాతదంతా యూటీఎం విలువే, కాబట్టి మొత్తం వదిలేస్తుంది. పాత పైథాన్ మాత్రం సెమీకోలన్ దగ్గర విడగొట్టి, భాష అన్న వేరే పారామీటర్‌గా చదువుతుంది. ఇది సీవీఈ-2021-23336. పైథాన్ 3.8.8, 3.9.2 వెర్షన్లలోనూ జాంగో 2.2.19, 3.0.13, 3.1.7లోనూ సరిచేశారు. పాత ర్యాక్ కూడా సెమీకోలన్‌ని ఇలాగే విడగొట్టేది.

మూడోది గెట్ రిక్వెస్ట్‌కి ఫారమ్ బాడీ తగిలించడం. కర్ల్‌లో క్యాపిటల్ ఎక్స్‌తో గెట్ అని, స్మాల్ డితో పారామీటర్ ఇవ్వండి. కాష్ బాడీని కీలో చేర్చదు. ఫ్రేమ్‌వర్క్ దాన్ని చదివితే సమస్యే. రైల్స్ వాడేవాళ్లు ఇది వదిలెయ్యొద్దు.

6. ఎర్రర్ పేజీలు కాష్ అవుతున్నాయా?

2019లో జర్మనీ పరిశోధకులు దీనికి సీపీడాస్ (కాష్‌ని చెడగొట్టి సైట్ అందకుండా చెయ్యడం) అని పేరుపెట్టారు. దాడి చేసేవాడికి స్క్రిప్ట్ అక్కర్లేదు, మీ పేజీ బదులు ఎర్రర్ కాష్ అయితే చాలు. పెద్ద హెడర్ ఒకటి పంపి చూడండి: అపాచీ ఒక హెడర్‌కి డిఫాల్ట్‌గా 8,190 బైట్ల వరకే ఒప్పుకుంటుంది. సీడీఎన్ అంతకంటే పెద్దవి లోపలికి పంపితే 400 ఎర్రర్ వస్తుంది. అది రెండో రిక్వెస్ట్‌లో హిట్‌గా రాకూడదు.

క్లౌడ్‌ఫ్రంట్‌లో ఎర్రర్లని కాష్‌లో ఉంచే కనీస సమయం డిఫాల్ట్‌గా 10 సెకన్లు. దాన్ని పెంచారేమో చూసుకోండి. మీ ఎర్రర్ రెస్పాన్స్‌లన్నిటికీ కాష్-కంట్రోల్ నో-స్టోర్ పెట్టండి.

7. ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ చూడండి

- నెక్స్ట్ జేఎస్ 13.5.1 నుంచి 14.2.9 వరకు, పేజెస్ రౌటర్‌తో, పాత్‌లో మారే భాగం లేని సర్వర్ రెండర్డ్ పేజీలు ఉంటే సీవీఈ-2024-46982 వర్తిస్తుంది. కాష్ కాకూడని పేజీని కాష్ అయ్యేలా చెయ్యొచ్చు. డాష్‌బోర్డ్ లాంటి పేజీలకి ఇది మరీ ప్రమాదం. 13.5.7 లేదా 14.2.10కి వెళ్లండి. యాప్ రౌటర్‌కి ఈ లోపం లేదు.
- నెక్స్ట్ 15.1 వాడేవాళ్లు 15.1.8 కంటే కింద ఉండొద్దు. ఖాళీ 204 రెస్పాన్స్ కాష్ అయ్యే లోపం, సీవీఈ-2025-49826, అందులో సరిచేశారు.
- నక్స్ట్ 3.16.0 కంటే పాతదైతే సీవీఈ-2025-27415. క్వెరీలో పేలోడ్ జేసన్ పాత్ పెట్టి అడిగితే హెచ్‌టీఎంఎల్ బదులు జేసన్ వస్తుంది. సీడీఎన్ క్వెరీని వదిలేసేలా ఉంటే హోమ్‌పేజీ స్థానంలో అందరికీ జేసన్ కనిపిస్తుంది. 2వ మెట్టులో రాసుకున్న రూల్ ఇక్కడ అసలైన ప్రమాదంగా మారుతుంది.

8. ముందు అంచు దగ్గర ఆపండి

కీలో హెడర్లు చేర్చుకుంటూ పోవడం సరైన మందు కాదు. హిట్‌లు తగ్గుతాయి, రేపు ఇంకో హెడర్ వస్తుంది. వేరీ హెడర్ (ఏ హెడర్ మారితే వేరే కాపీ ఇవ్వాలో కాష్‌కి చెప్పేది) పెట్టి ఊరుకోవడమూ చాలదు: క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ తప్ప మిగతా వేరీ విలువలని పట్టించుకోదు. ఫ్రేమ్‌వర్క్‌కి ఆ ఇన్‌పుట్ చేరకుండా చెయ్యండి.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_సెట్_హెడర్‌తో ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌కి $హోస్ట్ విలువ, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోకి $స్కీమ్ విలువ ఇవ్వండి. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్) సీడీఎన్ దగ్గరే ముగిసి ఎన్‌జిన్‌ఎక్స్‌కి హెచ్‌టీటీపీలో వస్తుంటే $స్కీమ్ పెట్టొద్దు, సీడీఎన్ పంపే విలువ వాడండి. లేకపోతే రీడైరెక్ట్ చక్రంలో మీరే పడతారు. ఎక్స్-హోస్ట్, ఫార్వర్డెడ్, ఎక్స్-ఫార్వర్డెడ్-స్కీమ్, ఎక్స్-ఒరిజినల్-యూఆర్ఎల్, ఎక్స్-రీరైట్-యూఆర్ఎల్, ఎక్స్-హెచ్‌టీటీపీ-మెథడ్-ఓవర్‌రైడ్‌లకి ఖాళీ కొటేషన్లు ఇవ్వండి. విలువ ఖాళీగా ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ ఆ హెడర్‌ని వెనకున్న యాప్‌కి పంపదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పైన సర్వర్ బ్లాక్‌లో ఈ లైన్లన్నీ రాసి, కింద లొకేషన్ బ్లాక్‌లో వెబ్‌సాకెట్ కోసమో దేనికోసమో ఒక్క ప్రాక్సీ_సెట్_హెడర్ లైన్ చేరుస్తారు. ఆ లొకేషన్‌లో పైనున్నవన్నీ పోతాయి. ఆ బ్లాక్‌లో ఒక్కటీ లేనప్పుడే పైవి వారసత్వంగా వస్తాయి. లైన్లన్నీ విడి ఫైల్‌లో పెట్టి, ప్రతి లొకేషన్‌లో ఇన్‌క్లూడ్ చెయ్యడం మంచిది.

రెండో విషయం కాష్ కీ. ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్ కీలో ఉండేది $ప్రాక్సీ_హోస్ట్, అంటే ప్రాక్సీ_పాస్‌లో మీరు రాసిన పేరు. యూజర్ అడిగిన హోస్ట్ కాదు. మీరు హోస్ట్ హెడర్‌ని యథాతథంగా వెనకున్న యాప్‌కి పంపుతూ డిఫాల్ట్ కీ వదిలేస్తే, ఎవరైనా హోస్ట్ మార్చి పంపి కాష్‌ని చెడగొట్టొచ్చు. ప్రాక్సీ_కాష్_కీలో $స్కీమ్, $హోస్ట్, $రిక్వెస్ట్_యూఆర్ఐ మూడూ పెట్టండి. తెలియని హోస్ట్‌తో వచ్చేవాటి కోసం విడిగా డిఫాల్ట్ సర్వర్ బ్లాక్ రాసి 444 (జవాబు ఇవ్వకుండా కనెక్షన్ మూసెయ్యడం) ఇచ్చెయ్యండి.

గెట్ బాడీ సమస్య ఉంటే కాష్ అయ్యే లొకేషన్లలో ప్రాక్సీ_పాస్_రిక్వెస్ట్_బాడీ ఆఫ్ చేసి, కంటెంట్-లెంగ్త్‌ని ఖాళీ చెయ్యండి. రెండోది మర్చిపోతే యాప్ రాని బాడీ కోసం ఎదురుచూస్తూ వేలాడుతుంది.

9. తర్వాత ఫ్రేమ్‌వర్క్ సెట్టింగ్‌లు

- జాంగో: యూజ్_ఎక్స్_ఫార్వర్డెడ్_హోస్ట్ డిఫాల్ట్‌గా ఫాల్స్. అలాగే ఉంచండి. అలౌడ్_హోస్ట్స్‌లో నక్షత్రం (*, అంటే ఏదైనా సరే) పెట్టొద్దు.
- ఫ్లాస్క్: ప్రాక్సీఫిక్స్‌లో ఎక్స్_హోస్ట్ డిఫాల్ట్‌గా 0. ఎక్కడో చూసి 1 చేసి ఉంటే తిరిగి 0 చెయ్యండి.
- లారావెల్: ట్రస్ట్‌ప్రాక్సీస్‌లో నక్షత్రం ఉంటే తీసి, అసలు ప్రాక్సీ ఐపీలు ఇవ్వండి. నమ్మే హెడర్ల జాబితా నుంచి ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌ని తొలగించండి. ట్రస్ట్‌హోస్ట్స్ ఆన్ చెయ్యండి.
- ఎక్స్‌ప్రెస్: ట్రస్ట్ ప్రాక్సీకి ట్రూ ఇవ్వొద్దు. ఐపీలు ఇవ్వండి.
- రైల్స్: ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌ని డిఫాల్ట్‌గానే చదువుతుంది. ప్రొడక్షన్ కాన్ఫిగరేషన్‌లో కాన్ఫిగ్.హోస్ట్స్ నింపండి. మామూలు హోస్ట్‌నీ ఫార్వర్డ్ అయినదాన్నీ రెండింటినీ తనిఖీ చేస్తుంది.

ప్రాక్సీ ఐపీలు ఇచ్చేశాం కాబట్టి అయిపోయిందనుకోవద్దు. ఆ జాబితా చూసేది రిక్వెస్ట్ ఎవరి చేతి నుంచి వచ్చిందన్నదే. యూజర్ పంపిన ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌ని మీ ఎన్‌జిన్‌ఎక్స్ మార్చకుండా దాటిస్తే, అది నమ్మిన ఐపీ నుంచే వచ్చినట్టు లెక్క, ఫ్రేమ్‌వర్క్ కళ్లు మూసుకుని తీసుకుంటుంది. అందుకే 8వ మెట్టు ముందు, ఇది తర్వాత.

హోస్ట్ తనిఖీ ఆన్ చేశాక 400, 403లు కొత్తగా వస్తాయి. 6వ మెట్టు మరోసారి చెయ్యండి.

10. పర్జ్, మళ్లీ పరీక్ష

క్రమం ముఖ్యం. సరిచేసిన కోడ్, కాన్ఫిగరేషన్ అన్ని సర్వర్లకీ చేరాకే పర్జ్ చెయ్యండి. ముందే చేస్తే పాత సర్వర్ ఇచ్చే చెడ్డ కాపీ మళ్లీ కాష్‌లో కూర్చుంటుంది. లోపలి కాష్‌తో మొదలుపెట్టండి: ఫ్రేమ్‌వర్క్, ఆ తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్, చివర సీడీఎన్. సీడీఎన్‌ని ముందు ఖాళీ చేస్తే ఎన్‌జిన్‌ఎక్స్‌లో మిగిలిన కాపీతో మళ్లీ నిండిపోతుంది.

చెడిన 301 యూజర్ల బ్రౌజర్లలో కూడా దాగి ఉండొచ్చు, దాన్ని మీరు పర్జ్ చెయ్యలేరు. కాష్ అవ్వాల్సిన రీడైరెక్ట్‌లకి మ్యాక్స్-ఏజ్ చిన్నదిగా ఇచ్చుకోవడం అందుకే మంచిది.

చివరగా 3, 4 మెట్లని స్టేజింగ్ డిప్లాయ్ తర్వాత నడిచే ఒక చిన్న టెస్ట్‌గా రాసి పెట్టండి. ప్రతి హెడర్‌కీ కొత్త సీబీ నంబర్, కానరీతో ఒక రిక్వెస్ట్, కానరీ లేకుండా ఇంకొకటి. రెండో రెస్పాన్స్ బాడీలోగానీ లొకేషన్‌లోగానీ కానరీ కనిపించినా, స్టేటస్ కోడ్ మామూలుగా రావాల్సినది కాకపోయినా డిప్లాయ్ ఆగిపోవాలి. ఆ టెస్ట్ నిజంగా పట్టుకుంటోందా అని చూడటానికి స్టేజింగ్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ లైన్‌ని ఒకసారి కావాలనే తీసేసి, అది ఫెయిల్ అయ్యేదాకా వదలొద్దు.